నోట్లో స్క్రూడ్రైవర్, ట్యాంకు మీద టీ గ్లాసు

మా నాయన బండిని నేను పాడు చేసినంత శ్రద్ధగా ఇంకెవరూ ఏ బండినీ పాడు చేసి ఉండరు. దానికోసం ఆదివారాలు ధారపోశాను, ఇంట్లో మాటలు పడ్డాను, మూడు సైలెన్సర్లు మార్చాను. చివరికి పాడైంది బండి కాదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను కాబట్టి, మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు కనిపిస్తే నమ్మకండి.

బండి మూడువందల యాభై సీసీల పాతది. గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కొత్తవాళ్లెవరైనా ఎక్కితే బ్రేకు అనుకుని గేరు తొక్కి గోడకు గుద్దుకుంటారు. మా నాయన కోడుమూరు పక్కన మా ఊళ్లో ఆరెకరాల మెట్ట రైతు, చర్చిలో పెద్ద. శనగ విత్తనాల బస్తా అయినా, పాస్టరు గారైనా ఆ వెనక సీటు మీదే ఊరికి వచ్చేవారు. కంపెనీ వాళ్లిచ్చిన పొడుగాటి సైలెన్సరే ఆయన ఉన్నన్నాళ్లూ దానికి ఉండింది. తొందర లేని మనిషి నడిచి వస్తున్నట్టు ఉండేది ఆ శబ్దం. నాయన పోయాక బండి నా చేతికొచ్చింది. నేను కర్నూలులో ఇంటర్ పిల్లలకు కామర్స్ చెప్పుకునే లెక్చరర్ని. బండికి కష్టాలు అప్పుడు మొదలైనాయి.

కర్నూలులో పాత బండ్ల వాళ్లకు ఒక గుంపు ఉంది. ఒక పళ్ల డాక్టరు, ఇద్దరు బ్యాంకు వాళ్లు, ఒక ఎరువుల అంగడి ఆసామి, ఆదివారం ఇంట్లో ఉంటే ఏదో ఒక పని చెబుతారని భయపడే ఇంకో ఏడెనిమిది మంది. అందరికీ నల్ల తోలు కోట్లు. రోళ్లు పగిలే ఎండలో ఆ కోట్లు తొడుక్కుని మహానందికి పోయేవాళ్లం. మిగతావాళ్లు కోనేట్లో మునుగుతుంటే నేను గట్టున కూర్చుని కోట్లకు కాపలా కాసేవాణ్ణి. వాళ్లు బయటికొచ్చి తడి ఒంటి మీదే మళ్లీ కోట్లు ఎక్కించేవాళ్లు. ఒకసారి గుడి ముందర పూలమ్మే అవ్వ మా వరసనంతా చూసి, "ఏ ఊరి పెండ్లికి పోతాండారు నాయనా? బ్యాండు సామాన్లు యాడ పెట్టినారు?" అని అడిగింది. డాక్టరు నొచ్చుకున్నాడు. నాకు మాత్రం ఆ అవ్వ మమ్మల్ని సరిగ్గానే పోల్చుకుందనిపించింది.

ఈ గుంపులో మనిషి విలువ బండి పైపును బట్టి ఉంటుంది. సైలెన్సర్ అన్న మాట వాళ్లు నోటితో అనరు, అనడానికి నామోషీ. పొట్టి బాటిల్ పైపు, పొడుగు బాటిల్ పైపు, పంజాబీ పైపు, లోపలి జాలీ పీకేసిన ఉత్త పైపు. ఎంత చప్పుడైతే అంత మర్యాద. నా బండి స్టార్ట్ చేయగానే బ్యాంకాయన ఒకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "స్టార్టయిందా సార్?" అన్నాడు. అందరూ నవ్వారు. నలభై ఐదేళ్ల మనిషిని, ఇద్దరు పిల్లల తండ్రిని. ఆ నవ్వుకు నాకు ఆ పూట అన్నం సయించలేదు.

మరుసటి శనివారమే ఉస్తాద్ దగ్గరికి పోయాను.

ఉస్తాద్ కొట్టు పాతబస్తీలో ఒక సందులో ఉండేది. కొట్టు వెడల్పు ఒకటిన్నర బండి పట్టేంత. ఎదురుగా వెల్డింగు షాపు, పక్కన ఒక ఆమె టీ బంకు. ఉస్తాద్‌కు అరవై దాటినాయి. తెల్ల గడ్డం, గడ్డం చివర మాత్రం ఆయిలు నలుపు. పాత బండ్ల కార్బేటర్ ట్యూనింగులో ఆయనకు మించినవాడు కర్నూలు, నంద్యాల, కడపల్లో లేడని పేరు. "ఆయన చెవి" అనేవాళ్లు జనం, అదేదో ప్రత్యేకంగా ఒక ఆస్తి అయినట్టు. ఇంజను ఒక్క దెబ్బ తప్పినా పట్టేస్తాడని, ఏ స్క్రూ ఎంత తిప్పాలో వినే చెబుతాడని.

ఆయన పని చేసే తీరు కూడా అట్లాగే ఉండేది. బండి స్టార్ట్ చేసి, కర్ర పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజనుకు ఆనించి, పిడిని పళ్లతో గట్టిగా కరుచుకుని, కళ్లు మూసుకునేవాడు. ఇంకో చిన్న స్క్రూడ్రైవర్‌తో కార్బేటర్ స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ పోయేవాడు. అంతకుముందే టీ తెప్పించి ట్యాంకు మీద పెట్టేవాడు. మధ్యమధ్యలో కళ్లు తెరిచి ఆ టీని చూసేవాడు. తాగేవాడు కాదు. టీ చల్లారి మీగడ కట్టేది. పెద్ద కళాకారుడికి ఉండాల్సిన పిచ్చి అదంతా అనుకుని జనం మురిసిపోయేవాళ్లు.

మా గుంపు మురిసిపోయి ఊరుకోలేదు. ఉస్తాద్ రహస్యం దొరికిందని ఇళ్లకు పోయి ఎవరి బండి ముందర వాళ్లు కూర్చుని స్క్రూడ్రైవర్లు కరిచారు. ఎరువుల ఆసామి తనకు పిస్టన్ "కనిపించింది" అన్నాడు. బ్యాంకు వాళ్లిద్దరూ కరిచిన స్క్రూడ్రైవర్లతో ఫోటోలు పెట్టారు. పళ్ల డాక్టరు అందరికన్నా గట్టిగా కరిచాడు. ఇంజను ఒక్కసారి ఎగిరింది, ముందు పన్ను సగం ఊడింది. ఆయన తన క్లినిక్కుకు తానే పోలేక వేరే డాక్టరు దగ్గర కట్టించుకున్నాడు. ఆ పన్ను చూసినప్పుడల్లా నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

నా బండి చూసి ఉస్తాద్ మొదట ఒప్పుకోలేదు. నాయన సైలెన్సర్‌ను చేత్తో తట్టి, నా ముఖంలోకి చూసి, "ఇది బాగుండాది గదప్పా సారూ. దీన్నెందుకు పీకల్ల?" అన్నాడు. పొట్టి బాటిల్ కావాలన్నాను. ఆయన ఓపికగా చెప్పాడు: "ఊపిరి వదిలే దారి మారిస్తే ఊపిరి పీల్చేది మారతాది. గాలి ఎక్కువ పోతాది, పెట్రోలు సాలదు. పెట్రోలు సాలకపోతే ఇంజను కాగి సస్తాది. కార్బేటర్లో జెట్టు పెద్దది వేయాల, సూది పైకెత్తాల. అంతా జేసినా మీ నాయన శబ్దం మళ్లా రాదు." రాకపోతేనే మేలన్నాను. ఆయన స్పానర్ తీసుకున్నాడు.

ఆ కొత్త పైపుతో మా ఊరి చర్చికి పోయాను. తెల్లవారి ఆరాధన సగంలో ఉంది. మలుపు దగ్గర యాక్సిలరేటర్ వదిలేసరికి పైపు పటపటమని పేలింది. చర్చి వెనక కట్టేసిన ఎనుము పలుపు తెంచుకుంది. లోపల ప్రార్థన ఆగిపోయింది. నేను తల వంచుకుని చివరి చాప మీద కూర్చుంటుండగా పాస్టరు గారు, "మన పెద్దాయన కొడుకు వచ్చినాడు. ఆయన వచ్చిన సంగతి పరలోకానికి కూడా తెలిసినాది. ప్రార్థన మళ్లా మొదట్నుంచి చేస్తాం" అన్నారు. అందరూ కళ్లు మూసుకుని నవ్వుకున్నారు. మా మేనత్త మాత్రం కళ్లు తెరిచే నవ్వింది.

ఎనుము వెతకడానికి మధ్యాహ్నమైంది. ఆ పేలుడు ఆపించుకోవడానికి మరుసటి వారం మళ్లీ ఉస్తాద్ దగ్గరికి పోయాను. అసలు సంగతి ఆ రోజే తెలిసింది.

ఆయన సందు వైపు వీపు పెట్టి నా బండి ముందర గొంతుక్కూర్చుని కార్బేటర్ విప్పుతున్నాడు. ఇంజను ఆపే ఉంది. వెనకనుంచి ఒక సామాన్ల ఆటో రివర్సులో వస్తూ కీకీమని అరుస్తోంది. అది ఆయన వీపుకు జానెడు దూరం వచ్చేదాకా ఆయన కదల్లేదు. నేను చంకల కింద చేతులేసి పక్కకు లాగాను. ఆయన "యా అల్లా!" అని ముందు నా మీద కోప్పడి, తర్వాత ఆటోను చూసి ఊరుకున్నాడు.

నాకు అనుమానం వస్తే ఆగదు. ఆయన నా ముఖం వైపు తిరిగినప్పుడు గొంతు తీయకుండా పెదాలు మాత్రం కదిపి, "టీ తాగుదామా ఉస్తాద్?" అన్నాను. "నువ్వు తాగప్పా, నేను ఇప్పుడే తాగితి" అన్నాడు. అంత తెలివైన పరీక్ష పెట్టినందుకు ముందు నా భుజం నేనే తట్టుకున్నాను. ఆ తర్వాత చూశాను ఆయన ముఖం. నేనేం చేశానో ఆయనకు అర్థమైపోయింది.

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి టైర్ల మీద కూర్చోబెట్టాడు. "ఎడమది పోయి శానా ఏండ్లాయె. కుడిదాంట్లో రవ్వంత ఉంటే అదీ పోయినాది" అన్నాడు. "వచ్చినోడల్లా ఇంకా లేపు, ఇంకా లేపు అంటాడు. నేను పైపు కాడ తలకాయ పెట్టి లేపితి. డాక్టరు చెవికి మిషను పెట్టుకోమన్నాడు. చెవిలో మిషను పెట్టుకున్నోని కాడికి ట్యూనింగుకు ఎవడొస్తాడప్పా? వాళ్లంతా నా చెవి కోసరమే వస్తారు. ఈ మాట పదిమందిలో పడితే నేను కొట్టు మూసుకోవాల. నాకు ఇంగొక పని రాదు. నీకు దండం పెడతా, ఎవరితోనూ అనొద్దు."

ఎవరితోనూ అననని ఒట్టు పెట్టాను. మా చర్చిలో ఒట్టు పెట్టకూడదని, అవునంటే అవునని ఊరుకోవాలని నేర్పుతారు. నేను అవునని కూడా అన్నాను.

అప్పుడు తెలిసొచ్చింది ఆయన చేసేవాటిలో పిచ్చి ఒక్కటీ లేదని. చెవులతో వినలేని ఇంజనును ఆయన పళ్లతో వింటున్నాడు. అదురు పిడిలోనుంచి దవడకెక్కి తలలోకి పోతుంది. టీ తాగడానికి కాదు, చూడడానికి. ఇంజను సమంగా నడిస్తే టీ మీద అలలు సమంగా ఉంటాయి, ఒక దెబ్బ తప్పితే టీ తుళ్లుతుంది. పైపు మూతి దగ్గర అరచెయ్యి పెట్టి పొగ కొట్టే తీరు చూసేవాడు. చివర ప్లగ్గు విప్పి రంగు చూసేవాడు: సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, మసిగా ఉంటే ఎక్కువ, కాలిన ఇటుక రంగుంటే సరి. ఆ వారంలో చెవులున్న మెకానిక్కులు ఇద్దరు చూసినా నా బండి పేలడం ఆగలేదు. ఆయన ఆ రోజు ఒక్క గంటలో ఆపాడు.

ఇంత తెలుసుకున్న మనిషి ఏం చేయాలి? నాయన సైలెన్సర్ తెచ్చి మళ్లీ బిగించమనాలి. నేను నెల తిరగకుండా పంజాబీ పైపు కొనుక్కుని పోయాను. గుంపులో పంజాబీ పైపు లేనివాడు నేనొక్కణ్ణే మిగిలాను మరి. అదీ నచ్చక ఇంకో రెండు నెలలకు జాలీ పీకిన పైపు. రెండుసార్లూ ఆయన దాని పక్కన తల పెట్టాడు. పోవడానికి ఇంకేం మిగిలిందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఇంత నీచమైన మాటను ఇంత తేలిగ్గా చెప్పుకోవచ్చని అంతకుముందు నాకు తెలియదు.

బదులుగా నేనొక సేవ మొదలుపెట్టాను. శనివారాలు ఆయన కొట్టులో స్టూలేసుకుని కూర్చునేవాణ్ణి. గిరాకీ వెనకనుంచి ఏదైనా అడిగితే నేను ఎదురుగా పోయి, ఆ మాటే నాదైనట్టు ఉస్తాద్ ముఖం చూస్తూ చెప్పేవాణ్ణి. "ఉస్తాద్, ఈయన పికప్ లేదంటాండాడు." "ఉస్తాద్, రేపటికి కావాలంట." ఆయన తలూపేవాడు. ఈ రహస్యం సందులో నా ఒక్కడికే తెలుసని, ఆ ముసలాయన బతుకు నా నోటిమీద నిలబడి ఉందని నాకు లోలోపల ఎంత గర్వమో చెప్పలేను. టీ బంకామె ఎప్పుడూ చుట్టూ తిరిగి ఆయన ఎదురుగా వచ్చి గ్లాసు ఇచ్చేది. వెల్డింగాయన దూరంనుంచి పిలవకుండా దగ్గరికొచ్చి భుజం తట్టి మాట్లాడేవాడు. పెద్దరికానికి ఇచ్చే గౌరవం అనుకున్నాను.

పోయిన ఎండాకాలం ముందర కడప జిల్లానుంచి ఒక ఆసామి వచ్చాడు. తుమ్మలపల్లె పక్క టిప్పర్లు తిప్పుకునే మనిషి. తెల్ల కారులో ఆయన, వెనక మినీ లారీలో నిలబెట్టి కట్టిన పాత బండి, దానికి అటొకడు ఇటొకడు మనుషులు. పెండ్లికొడుకును కూడా అంత జాగ్రత్తగా తీసుకురారు. బండి నిండా క్రోమ్ మెరుపు. విడిగా పట్టుకొచ్చిన కొత్త పైపు మోచెయ్యంత లావుంది. దాన్ని బిగించి, దానికి తగ్గట్టు కార్బేటర్ సరిచేసి కట్టాలి. "ఈడ స్టార్ట్ చేస్తే పులివెందులలో వినపడల్ల" అన్నాడు ఆసామి. అక్కడివాళ్లు ఏం పాపం చేశారో నాకు అర్థం కాలేదు.

ఆ పని ఉస్తాద్‌కు ముఖ్యమైంది. ఆసామికి అటుపక్క పాత బండ్ల మనుషులు పాతికమంది తెలుసు. ఇది కుదిరితే వాళ్లంతా వస్తారు. గుంపువాళ్లు అప్పటికే మీటరు పెట్టి ట్యూనింగు చేసే ఏదో ఏసీ షాపు గురించి మాట్లాడుకుంటున్నారు. ఉస్తాద్ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు ఆ రోజు.

పైపు బిగించి స్టార్ట్ చేశాక సందులో రేకులన్నీ అదిరినాయి. ఉస్తాద్ ట్యాంకు మీద టీ పెట్టుకుని, పిడి కరుచుకుని, వీధికి వీపు పెట్టి పనిలో పడ్డాడు. ఆసామి వెనక నిలబడి, "ఇంకెంతసేపు పడ్తాదప్పా?" అని అరిచాడు. పలుకు లేదు. నేను స్టూలు మీదినుంచి లేచి ఎదురుగా పోబోయాను. ఆసామి మనుషులు అడ్డంగా నిలబడి ఫోన్లలో వీడియో తీస్తున్నారు. ఆసామి మళ్లీ అరిచాడు. మూడోసారి, "ఓ ముసలాయనా! నిన్నే!" అన్నాడు. మనుషులు కిసుక్కుమన్నారు.

"ఏమి పొగరప్పా ఈయనకు" అన్నాడు ఆసామి నాతో. "మేము నిలబడి అడుగుతాంటే తల తిప్పడే. మా పక్కన ఇట్లాంటోళ్లను నిలబెట్టి..." అని, మాట పూర్తి చేయకుండా ఉస్తాద్ పనిముట్ల డబ్బాను చెప్పుకాలితో అవతలికి నెట్టాడు. స్పానర్లు మట్టిలో పడ్డాయి. ఉస్తాద్‌కు తెలియలేదు. కళ్లు మూసుకుని ఇంజను వింటున్నాడు.

నాలుక ఎప్పుడూ నా మాట వినలేదు. క్లాసులో, ఇంట్లో, చర్చి కమిటీలో దాని పుణ్యాన నేను పడ్డ తిప్పలు చాలా ఉన్నాయి. ఆ రోజు న్యాయం కూడా నా వైపే ఉండేసరికి దానికి అడ్డే లేకపోయింది. ఆ పైపు చప్పుడును మించి గొంతు లేపి, "పొగరు గాదు, చెవుడు!" అని అరిచాను. "నీయట్లాంటోళ్లు తెచ్చిన పైపుల కాడ తలకాయ పెట్టి పెట్టి వచ్చిన చెవుడు! నువ్వెంత అరిసినా ఆయనకు వినపడదు! చెవుడు!"

మధ్యలో ఎక్కడో ఉస్తాద్ ప్లగ్గు చూడడానికి ఇంజను ఆపేశాడు. చివరి మాట సందు సందంతా మోగింది. వెల్డింగాయన ముఖానికి పెట్టుకున్న అద్దం పైకెత్తాడు. టీ బంకామె గరిటె పట్టుకుని అట్లే నిలబడింది. ఉస్తాద్ పిడి నోట్లోంచి తీసి వెనక్కి తిరిగాడు. అందరూ తనవైపే చూస్తున్నారని చూశాడు, మట్టిలో స్పానర్లు చూశాడు, తర్వాత నా నోటివైపు చూశాడు. నోరు తొందరగా మూసుకుందామనుకున్నాను. అది అప్పటికే రెండోసారి ఆ మాట అనేస్తోంది.

ఉస్తాద్ వంగి స్పానర్లు ఒక్కొక్కటే ఏరి, గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టుకున్నాడు. ప్లగ్గు విప్పి చూశాడు, స్క్రూ కొంచెం వెనక్కి తిప్పాడు, మళ్లీ స్టార్ట్ చేశాడు. ట్యాంకు మీద టీ సన్నగా, సమంగా వణికింది. ప్లగ్గు మళ్లీ తీసి ఆసామికి చూపించాడు. కాలిన ఇటుక రంగు. అంత లావు దిక్కుమాలిన పైపుకు అంత బాగా కార్బేటర్ కట్టడం ఇంకెవరి తరమూ కాదని ఇప్పటికీ అంటాను.

ఆసామి తిట్టి పోయుంటే బాగుండేది. ఆయన జాలిపడ్డాడు. ఉస్తాద్ వీపు తట్టి, పసిపిల్లలకు చెప్పినట్టు ఒక్కొక్క అక్షరం సాగదీస్తూ, "బా...గుం...డా...ది పెద్దాయనా" అని అరిచాడు. కారెక్కుతూ తనవాళ్లతో, "చెవుల్లేనోని చేతికా మనం ఇంత బండి ఇచ్చినాది" అన్నాడు. ఆ బండి నేరుగా మీటరు షాపుకు పోయింది. అక్కడ గంటసేపు వైర్లు తగిలించి చూసి, మార్చడానికి ఏమీ లేదన్నారని తర్వాత విన్నాను. ఆ మాట మాత్రం గుంపులో ఎవరూ ఎత్తలేదు.

ఆసామి పోయాక టీ బంకామె నా దగ్గరికి వచ్చింది. నేను ఇంకా రొప్పుతున్నాను, ఆసామికి బాగా గడ్డి పెట్టాననే అనుకుంటున్నాను.

"ఎంత పని జేసినావు సారూ" అంది.

"వాడు ఆ మాదిరి మాట్లాడతాంటే ఊరుకోమంటావా? పాపం, ఉస్తాద్‌కు వినపడదని మీకెవరికీ తెలీదు గాని..."

"మాకు తెలీదా?" అంది ఆమె. "పదేండ్ల నుంచి నేను చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి గ్లాసు ఇస్తాండేది ఎందుకనుకుంటివి, కాళ్లు ఊరికే ఉండాయనా? ఆ వెల్డింగాయన భుజం తట్టి పిలిచేది ఎందుకనుకుంటివి? ఈ సందులో అందరికీ తెలుసు. మాకు తెలుసునని ఆయనకూ తెలుసు. ఒగరమూ నోటితో అనలేదు. అనకుండా ఉంటే సాలు, ఆయన కొట్టు నడుస్తాది. పదేండ్లు నడిసినాది. సదువుకున్నోనివి, నువ్వొచ్చి అంటివి."

పనిచేయించుకుని మూడుసార్లు పైపులు మార్చిన నేను ఆయన్ను కాపాడుతున్నానని ఊరేగాను. గ్లాసు పట్టుకుని నాలుగడుగులు ఎక్కువ నడిచిన ఆమె నిజంగా కాపాడింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఉస్తాద్ దగ్గరికి పోదామనుకున్నాను గాని ఆ రోజు ధైర్యం చాలలేదు.

రెండు రోజుల్లో ఆ సంగతి గుంపంతా పాకింది. ఏడుపు బొమ్మలు, దండాల బొమ్మలు, "పాపం" అని ఇరవై మెసేజీలు. ఆ వెంటనే మీటరు షాపు ఫోన్ నంబరు. "నాకు మొదట్నుంచీ డౌటే" అని రాశాడు పళ్ల డాక్టరు, కట్టించుకున్న పన్నుతో. స్క్రూడ్రైవర్ కరిచిన ఫోటోలు అందరూ తీసేశారు. ఆయన ట్యూనింగు చేసిన బండ్లు రోడ్డు మీద హాయిగా తిరుగుతూనే ఉన్నాయి, ఆయన దగ్గరికి మాత్రం రావడం మానేశాయి. నేను గుంపులోనుంచి బయటికొచ్చేశాను. అదేదో పెద్ద త్యాగమని చెప్పుకోను, తోలు కోటు ఇంకా అలమారలో ఉంది.

వానలు పడేలోపల ఉస్తాద్ కొట్టుకు తాళం పడింది. నాయన సైలెన్సర్ నేనే అటక మీదినుంచి దించి, చేతులు కోసుకుంటూ బిగించుకున్నాను. కార్బేటర్ ఎవరికీ చూపించలేదు. బండి తడబడుతూ నడుస్తుంది, నాకు అదే తగిన శాస్తి.

ఆయన నంద్యాల రోడ్డులో అల్లుడి సీటు కవర్ల అంగడిలో కూర్చుంటున్నాడని తెలిసి, పోయిన నెల బండి సీటు చిరిగిందన్న వంకతో పోయాను. కత్తితో నేనే చింపుకున్నాను. చుట్టూ తిరిగి ఎదురుగా పోయి నిలబడ్డాను. ఇప్పుడు చెవిలో మిషను పెట్టుకుంటున్నాడేమో అని చూశాను, లేదు. నన్ను చూసి తలూపాడు. "రాప్పా సారూ. సీటు ఇప్పియ్యి" అన్నాడు. మాటలో కోపం లేదు, ఏమీ లేదు.

సీటు విప్పి ఇచ్చాను. "ఉస్తాద్, ఆ దినం..." అని మొదలుపెట్టాను. ఆయన కళ్లు నా ముఖం మీదినుంచి సీటు మీదికి దిగినాయి. నేను ఆగాను. ఆయన తలెత్తి, "అంచు నలుపా, ఎరుపా?" అన్నాడు. "నలుపు" అన్నాను. నా పెదాలు చూసి తలూపాడు. "ఉస్తాద్, నేను ఆ దినం కావాలని..." కళ్లు మళ్లీ కిందికి. మళ్లీ ఆగాను. "స్పాంజి కూడా మార్చమంటావా?" అన్నాడు, నా నోటివైపు చూస్తూ. మార్చమన్నాను. అదీ చదివాడు.

మూడోసారికి నాకు అర్థమైంది. సీటు గురించి ఎంతసేపైనా మాట్లాడవచ్చు. ఇంకేది మొదలుపెట్టినా ఆయన నా ముఖం చూడడు. ఇన్నేళ్లలో నా నోరు మూయించగలిగినవాడు ఇంట్లో లేడు, కాలేజీలో లేడు, చర్చిలో లేడు.

అయినా అన్నాను. తప్పయిపోయింది, నన్ను క్షమించు ఉస్తాద్ అని గట్టిగానే అన్నాను. అంగట్లో ఉన్న నలుగురూ విని నావైపు తిరిగారు. ఆయన సూదిలో దారం ఎక్కిస్తున్నాడు.